అరచేతి మేర పాత రంగు

ఆ పేటలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవి ఆసుపత్రి చీటీలు మాత్రమే. మిగతా అందరికీ ఆయన రంగుల బాబాయ్. పేరు విని గోడలకు సున్నాలు వేసే మనిషి అనుకుంటే మాత్రం ఆయనకు ఒళ్లు మండిపోతుంది. గోడ జోలికే వెళ్లడు. ముప్పై ఐదేళ్లుగా ఇనుము తప్ప ఇంకో దాని మీద బ్రష్షు పెట్టలేదు. వంతెనల కమ్ములు, నీళ్ల ట్యాంకుల కాళ్లు, గోదాముల దూలాలు, రైలు ప్లాట్‌ఫారాల మీది రేకుల షెడ్లు, ఇవీ ఆయన చేతి మీదుగా వెళ్లినవి. తుప్పు కనిపించిందంటే చాలు, ఎవరింట్లో ఉన్నా సరే, ఆయన బొటనవేలి గోరు దానంతటదే అటు వెళ్లిపోతుంది.

ఈ గోరు సంగతి ఆయన భార్య దగ్గర కదిలించకూడదు. పెళ్లికి ముందు మొదటిసారి వాళ్లింటికి వచ్చిన రోజున ఈయన కిటికీ పక్కన కూర్చున్నాడు. అమ్మాయి మంచినీళ్లు తెచ్చి ముందు నిలబడింది. ఈయన గ్లాసు అందుకోకుండా కిటికీ ఊచ గీకుతూ, "దీనికి కింద పూత వెయ్యకుండా పైన రంగేశారండీ, ఎవరండీ వేసింది?" అన్నాడు. వేసింది పిల్ల తండ్రి. ఆ పెద్దమనిషి ముఖం మాడిపోయింది. అయినా ఆ పెళ్లి ఎలా జరిగిందంటే, లోపలికి వెళ్లిన అమ్మాయి నవ్వు ఆపుకోలేక చీర చెంగు నోట్లో కుక్కుకుందట. నవ్వించిన మనిషిని వదులుకోవడం తెలివితక్కువ అని ఆమె లెక్క. ఇప్పటికీ ఎవరైనా అడిగితే, "నన్ను చూడ్డానికొచ్చి ఊచలు చూసుకున్నారు" అని మూతి తిప్పుతుంది.

పని నేర్పిన మేస్త్రి ఆయనకు రెండే రెండు మాటలు చెప్పాడు. గీకిన చోట వెంటనే పూత వెయ్యాలనేది మొదటిది. అది అందరు మేస్త్రీలూ చెబుతారు. రెండోది మాత్రం ఆ మేస్త్రి సొంతం. ఏ స్తంభానికి రంగు వేసినా, ఏ దూలానికి వేసినా, వెనక వైపు, నలుగురి కంటికీ ఆనని చోట, అరచేతి మేర గీకకుండా, కొత్త రంగు వెయ్యకుండా పాతది పాతదిలాగే వదిలెయ్యాలి. దానికి ఆయన పెట్టిన పేరు సాక్షి. "నీ తర్వాత ఇంకొకడొస్తాడు రా. కింద ఏముందో వాడికి తెలియాలి. తెలియకుండా మీద రంగు పులిమితే ఏడాదికల్లా పొరలు పొరలుగా లేచిపోద్ది. సాక్షిని చంపి రంగెయ్యకు" అనేవాడు. మేస్త్రి పోయి చాలా ఏళ్లయింది. ఆ అలవాటు మాత్రం రంగుల బాబాయ్ చేతిని వదల్లేదు. కాంట్రాక్టర్లు చూసి, "ఏంటి బాబాయ్, రంగు చాల్లేదా?" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆయన విననట్టే డబ్బా మూత బిగించుకునేవాడు.

భార్య కుట్టుపని హాల్లో కటింగ్ మాస్టర్. ఈ మాట ఆయన చెప్పేటప్పుడు కాస్త గట్టిగానే చెబుతాడు, అవతలివాళ్లు చెవిటివాళ్లయినట్టు. ఇరవై రెండేళ్ల కిందట గుండీలు కుట్టడానికి చేరింది. తర్వాత కాలర్లు, తర్వాత చేతులు, ఆ పైన చొక్కా మొత్తం. ఆ హాల్లో కటింగ్ బల్ల దగ్గర అంతవరకూ ఆడమనిషి నిలబడలేదు. ఆమె నిలబడి ఇప్పటికి ఎనిమిదేళ్లు. నలభై మంది ఆడవాళ్లు ఆమె కత్తిరించి ఇచ్చిన ముక్కలు కుడతారు. హాలు మేడ మీద ఉంటుంది. కింద గోదాం, దాని మూలన జనరేటరు. మేడంతా ఇనుప దూలాల మీద నిలబడిందే. ఆ దూలాలకు ఆరేళ్ల కిందట రంగు వేసింది ఎవరో వేరే చెప్పాలా?

జనరేటరు చూసుకునేది ఆమె తమ్ముడు. మనిషి నోరు పెద్దది, గుండె చిన్నది. ఆ మంగళవారం పొద్దున పదకొండు గంటలకు కరెంటు పోయింది, ఇతను జనరేటరు వేశాడు. పావుగంట కాకముందే డీజిలు పైపుకు బిగించిన క్లిప్పు ఊడింది. డీజిలు చిమ్మి, కాలుతున్న పొగగొట్టం మీద పడింది. మంట ఒక్కసారిగా దూలం దాకా లేచింది. ఇతను చేసిన ఒక్క పని, బయటికి పరుగెత్తుతూ రోడ్డు వైపు రోలింగ్ షట్టరు పూర్తిగా పైకి లాగడం. తర్వాత రోడ్డు మీద నిలబడి కేకలు పెట్టాడు.

పైన కటింగ్ మాస్టర్ కేకలు వినగానే మిషన్ల మెయిను దింపేసింది. ఎవరూ బ్యాగులు తీసుకోవద్దంది. నలభై మందినీ వెనక మెట్ల మీదుగా వరసగా దింపి, కిందకొచ్చాక రెండుసార్లు లెక్కపెట్టింది. ఇరవై నిమిషాల్లో అగ్నిమాపక బండి వచ్చింది, నురుగు కొట్టింది, మంట ఆరింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. పోయింది ఒక్క తమ్ముడి కుడి కనుబొమ్మ.

అప్పుడు రంగుల బాబాయ్ నాలుగు వీధుల అవతల నీళ్ల ట్యాంకు కాలు మీద ఉన్నాడు. పొగ చూశాడు, అది ఏ వైపు నుంచి వస్తోందో చూశాడు, ఎలా దిగాడో ఆయనకే గుర్తులేదు. వచ్చేసరికి ఆమె పేవ్‌మెంటు మీద కూర్చుని ఉంది. కత్తెర ఒళ్లో ఉంది. ఊపిరి బిగబట్టి ఎదురుగా నిలబడిపోయిన మొగుణ్ని చూసి, "బాగానే ఉన్నానులెండి. ముందు ఆ ఊపిరి వదలండి" అంది. ఆయన ఊపిరి వదిలి, అక్కడే ఆమె పక్కన కూలబడ్డాడు.

గండం గడిచిందనుకున్నారు. కానీ సాయంత్రం ఓనరు వచ్చి అందరినీ గేటు బయట నిలబెట్టి అసలు సంగతి చెప్పాడు. మంట తగిలిన దూలాల కింద జాకీలు పెట్టించాడు. అవి బాగున్నాయని ఇంజనీరు రాసిచ్చేదాకా పైకి ఎవరూ వెళ్లడానికి లేదు. మూడో రోజు పొద్దున ఇంజనీరు వస్తారు. "బాగున్నాయని రాస్తే మన హాలు ఇక్కడే. లేదంటే మిషన్లు లారీ ఎక్కించి మా తమ్ముడి ఊరికి పంపేస్తాను. అక్కడ షెడ్డు ఖాళీగా ఉంది. ఆర్డర్లు నా కోసం ఆగవు" అన్నాడు. ఆ ఊరు ఆరు గంటల ప్రయాణం.  కటింగ్ మాస్టర్ కత్తెరను చేతిసంచిలో పెట్టుకుని జిప్పు వేసింది. ఆ కత్తెరను ఆమె ఏనాడూ ఇంటికి తీసుకురాలేదు.

 తెల్లారగానే రంగుల బాబాయ్ వైరు బ్రష్షులు, బ్లేళ్లు, డబ్బాలు సైకిలుకు కట్టుకుని గోదాముకు వెళ్లాడు. పైకి వెళ్లొద్దన్నారు గానీ కింద ఏమీ చెయ్యొద్దని ఎవరూ అనలేదు. బావమరిది అక్కడ నురుగు కడుగుతున్నాడు. కాలిన మూలన మూడు స్తంభాలు, వాటి మీద పెద్ద దూలం. అన్నీ మసి, బొబ్బలు లేచిన రంగు, నూనె జిడ్డు. ఆయన దృష్టిలో అది మురికి. ఇంజనీరు వచ్చేసరికి ఇది ఇలా ఉంటే ఎవరు బాగుందని రాస్తారు? పెళ్లివారు వచ్చేసరికి ఇల్లు ఊడ్చుకోమా?

రెండు రోజులు పొద్దస్తమానం గీకాడు. మసి పోయేదాకా గీకి, బొబ్బలు పోయేదాకా గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, గీకినచోట వెంటనే ఎర్ర పూత వేశాడు. భుజం పట్టేస్తే ఎడమ చేత్తో గీకాడు. జాకీల మధ్య నిచ్చెన పెట్టి దూలం కూడా ఎక్కాడు. రెండో రోజు సాయంత్రానికి ఆ మూల కొత్తగా కట్టినట్టుంది. బావమరిది నడుం మీద చేతులు పెట్టుకుని, "బావా, ఇక్కడ మంట వచ్చిందంటే నేనే నమ్మను" అన్నాడు. రంగుల బాబాయ్‌కి కావలసింది సరిగ్గా ఆ మాటే.

టీ ఫ్లాస్కు పట్టుకుని భార్య వచ్చింది. చుట్టూ తిరిగి చూసింది. కటింగ్ మాస్టర్ కన్ను కదా, గుడ్డలో దారం తప్పినా పట్టుకుంటుంది. స్తంభం వెనక్కి వంగి చూసి, "ఇదేంటి, ఇక్కడ వదిలేశారు?" అంది.

"అది సాక్షి. నీకు తెలీంది ఏముంది?"

"తెలుసు. కానీ ఇది చూస్తే కాలిందని తెలిసిపోదూ? ఈ ఒక్కసారికి వేసెయ్యండి. ఈ మంటకి సాక్ష్యం ఎందుకు చెప్పండి?"

ఆయన బ్రష్షును డబ్బా అంచున ఆనించాడు. మేస్త్రి మాట దాటడం ముప్పై ఐదేళ్లలో అదే మొదటిసారి. కానీ ఆమె గొంతు విన్నాడు. ఆ గొంతులో భయం ఉంది. పేవ్‌మెంటు మీద కూడా అది లేదు. మూడు స్తంభాల వెనకా, దూలం పక్కనా ఉన్న నాలుగు మచ్చల మీదా ఎర్ర పూత లాగించేశాడు.

మూడో రోజు వచ్చిన ఇంజనీరు ముప్పై ఏళ్లు కూడా నిండని అమ్మాయి. భుజాన పెద్ద బ్యాగు, నెత్తిన టోపీ. బావమరిది నోరు ఊరుకోదు కదా, ఆమె వెంటే తిరుగుతూ, "చూడండి మేడం, అంత మంటలోనూ ఇనుము ఒక్క చుక్క కరగలేదు" అన్నాడు.

"డీజిలు మంటకి ఇనుము కరగదండీ" అందామె, పైకి చూస్తూనే. "మంట వెయ్యి డిగ్రీలుంటుందేమో. ఇనుము కరగాలంటే పదిహేను వందలు కావాలి."

"అదే నేనూ అంటున్నా!"

"కానీ కూలడానికి కరగక్కర్లేదు. ఎండలో కొవ్వొత్తి పెట్టి చూడండి. కరగదు, మెత్తబడి వంగిపోతుంది. ఇనుము ఐదువందల యాభై డిగ్రీలు వేడెక్కిందంటే సగం బలం పోయినట్టే. ఇంకో వంద ఎక్కితే మిగిలిన దాంట్లోనూ చాలావరకు పోతుంది. అప్పుడు పైన మిషన్ల బరువు మొయ్యలేదు."

బావమరిది తల దూలం వైపు తిప్పి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె నవ్వింది.

"భయపడకండి. చల్లారాక మళ్లీ బలం వస్తుంది. జ్వరం తగ్గిన మనిషి లేచి తిరిగినట్టు. మరీ ఆరొందలు దాటి కాలితేనే పూర్తిగా వెనక్కి రాదు. అందుకే ఇది ఎంత కాలిందో నాకు తెలియాలి."

గేటు దగ్గరి ఆడవాళ్లను అడిగి దారపు రీలు తీసుకుని, దూలం ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగి కట్టించింది. దారానికీ దూలానికీ మధ్య స్కేలు పెట్టి కొలిచింది. ముఖం విప్పారింది. "వంగలేదు. చాలా మంచిది" అంది. గేటు దగ్గర నిలబడ్డ ఆడవాళ్లలో గుసగుసలు లేచాయి. తర్వాత స్తంభం దగ్గరికి వెళ్లి, చేత్తో తడిమి, వేలికి అంటిన ఎరుపు చూసి ఆగిపోయింది.

"ఈ రంగు ఎవరు వేశారు?"

రంగుల బాబాయ్ కాలరు సర్దుకుని ముందుకు వచ్చాడు. "నేనేనమ్మా. రెండు రోజులు పట్టింది."

"ముందు గీకారా?"

"ఇనుము మెరిసేదాకా గీకానమ్మా. ఎక్కడా మసి లేకుండా."

ఆ అమ్మాయి కళ్లు మూసుకుని తెరిచింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "బాబాయ్‌గారూ, ఎంత వేడెక్కిందో నాకు చెప్పేది ఆ కాలిన రంగేనండీ. ఎక్కడ రంగు మారింది, ఎక్కడ బొబ్బలు లేచింది, ఎక్కడ పూర్తిగా మాడి బూడిదైంది, దాన్ని బట్టే లెక్క. దూలం వంగకపోతే సగం పరీక్ష నెగ్గినట్టే. మిగతా సగాన్ని మీరు గీకేశారు."

 ఓనరు అడిగాడు, ఇప్పుడేం చెయ్యాలని. దూలంలోంచి చిన్న చిన్న ముక్కలు కోసి పరీక్షకు పంపాలంది ఆమె. నెల పడుతుంది. గట్టిదనం చూసే పనిముట్టు తన బ్యాగులోనే ఉందిగానీ, ఎక్కువ కాలింది ఎక్కడో తెలియకుండా నాలుగు చోట్ల కొట్టి చూసి నలభై మందిని పైకి పంపమని రాయలేనంది. ఆమె తప్పేముంది? కటింగ్ మాస్టరైనా కొలత లేకుండా గుడ్డ కత్తిరిస్తుందా? ఓనరు, "నెలా? నాకు నాలుగు రోజులు కూడా లేవు" అంటూ ఫోను తీసి బయటికి నడిచాడు. అతను ఎవరితో మాట్లాడుతున్నాడో లారీ అన్న మాట విన్న అందరికీ అర్థమైంది.

రంగుల బాబాయ్ ఖాళీ డబ్బా బోర్లించుకుని గోడ వారగా కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు. ముప్పై ఐదేళ్లు ఇనుమును బతికించిన చేతులు, రెండు రోజుల్లో నలభై మంది కడుపు కొట్టాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. భార్య వచ్చి పక్కన నిలబడింది.

"నీ హాలును మంట ఏమీ చెయ్యలేదే. నేనే పాడు చేశాను" అన్నాడు ఆయన.

ఆమె అయ్యో అనలేదు, ఓదార్చలేదు. కటింగ్ బల్ల దగ్గర తప్పు వచ్చినప్పుడు నిలబడినట్టు నిలబడి ఆలోచించింది.

"ఆ నాలుగు మచ్చలు. నేను వెయ్యమన్నానే, సాక్షులు. వాటిని గీకి వేశారా, గీకకుండా వేశారా?"

ఆయన తలెత్తాడు.

"చెప్పండి!"

"గీకలేదు" అన్నాడు నెమ్మదిగా. "చెయ్యి రాలేదు. మీద ఒక్క పూత లాగించానంతే."

"ఆ పూత ఎండిందా?"

 ఆయన అప్పటికే లేచి పరుగెత్తుతున్నాడు. వయసు, మోకాళ్లు, భుజం నొప్పి, ఏదీ గుర్తులేదు. ఇంజనీరు బ్యాగు జిప్పు వేస్తోంది. "అమ్మా, ఒక్క పది నిమిషాలు! నాలుగు చోట్ల పాతది అలాగే ఉంది. మీద పూత నిన్న సాయంత్రం వేసింది. పచ్చిది. తీసేస్తాను."

"తీస్తే కిందిది కూడా వస్తుందేమో కదండీ?"

"రాదు. రానివ్వను" అన్నాడు. నిజానికి ఆయనకు అంత ధైర్యం లేదు. కానీ ఎంత పచ్చి పూత ఎంత గట్టిగా రుద్దితే పోతుందో ఆ పేటలో ఎవరికైనా తెలిస్తే ఆయనకే తెలియాలి.

మెత్తటి పాత నూలు గుడ్డ కావాలన్నాడు. హాల్లో పనిచేసేవాళ్ల దగ్గర గుడ్డకు కరువా? పది చేతులు ముందుకొచ్చాయి. ఒక గుడ్డను థిన్నరులో ముంచి, గట్టిగా పిండి, మొదటి స్తంభం వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. రుద్దలేదు. అద్ది, ఆగి, తీశాడు. పసిబిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచాడు. గుడ్డ ఎర్రబడింది. మరో మడత, మళ్లీ అద్దాడు. ఎరుపు కింద నుంచి పాత లేత ఆకుపచ్చ బయటపడింది, మసి పట్టి, అంచుల్లో కాస్త గోధుమ రంగు తిరిగి. ఇంజనీరు వంగి చూసి పుస్తకంలో రాసుకుంది. రెండో స్తంభం, మూడో స్తంభం. మూడోదాని మీద చిన్న చిన్న బొబ్బలున్నాయి. అదే జనరేటరుకు దగ్గర.

మిగిలింది దూలం. మంట నేరుగా తగిలింది దానికే. నిచ్చెన బావమరిది పట్టుకున్నాడు. ఇంకో నిచ్చెన మీద ఇంజనీరు ఎక్కింది. రంగుల బాబాయ్ గుడ్డ పట్టుకుని ఆ ఎర్ర మచ్చ ముందు ఆగిపోయాడు. దీని కింద బూడిద తప్ప ఏమీ లేకపోతే? అప్పుడు హాలు పోయినట్టే. ఇక నెల ఆగినా లాభం ఉండదు. తుడవకపోతే కనీసం తెలియకుండానైనా ఉంటుంది. ఆయన కిందకు చూశాడు. భార్య మెడ పైకెత్తి చూస్తోంది. ఊఁ, కానివ్వండి అన్నట్టు గడ్డం ఆడించింది.

అద్దాడు. ఆగాడు. తీశాడు. ఎరుపు. మళ్లీ అద్దాడు. ఎరుపు కింద నలుపు.  మూడోసారి అద్దాడు, నాలుగోసారి. గుడ్డకు ఎరుపు అంటడం మానేసింది. నలుపు మాత్రం దూలాన్ని వదల్లేదు. గట్టిగా, బొబ్బలు బొబ్బలుగా, పట్టుకునే ఉంది. ఆయన అలవాటుగా బొటనవేలి గోరు అంచు మీద పెట్టాడు. లేవలేదు.

"అమ్మా, ఇది ఇంకా అంటుకునే ఉంది" అన్నాడు. 

ఇంజనీరు టార్చి వేసి చూసింది. చిన్న బ్లేడుతో ఒక బొబ్బ చిదిమింది. నల్లటి పొర కింద ముదురు గోధుమ రంగు, దాని కింద ఆరేళ్ల నాటి ఎర్ర పూత చెక్కు చెదరకుండా ఉంది. చాలాసేపు చూసింది. 

"ఆరొందలు తగిలుంటే ఇది రాలిపోయి ఉత్త ఇనుము కనిపించాలి. ఇది సగానికే మాడింది. నాలుగొందలు కూడా దాటినట్టు లేదు" అని, రంగుల బాబాయ్ వైపు తిరిగింది. "ఇప్పుడు గీకండి. ఈ పక్కన, గుండీ అంత."

ఆ మాట కోసమే పుట్టినట్టు గీకాడు. ఎమరీ కాగితంతో నున్నగా చేశాడు. ఆమె పెన్నంత పనిముట్టు దాని మీద ఆనించింది. టక్కుమంది. అంకె చూసుకుంది. ఐదుసార్లు కొట్టింది. తర్వాత గోదాం అవతలి చివర, మంట మొహం చూడని దూలం దగ్గర ఇంకో గుండీ అంత గీకించి అక్కడా ఐదుసార్లు కొట్టింది. రెండు వరసల అంకెలూ పుస్తకంలో పక్కపక్కన రాసుకుని, పెన్ను మూత పెట్టి, ఓనరును పిలిచింది.

"దూలం, స్తంభాలు బాగున్నాయి. ఆ మూల జాయింట్ల బోల్టులన్నీ మాత్రం మార్చాలి. అవి వేడి చేసి గట్టిపరిచిన బోల్టులు, మళ్లీ వేడి తగిలితే ఆ గట్టిదనం పోతుంది. జనరేటరు పైన, మేడ నేల కింద పరిచిన రేకు ఒక వరస మార్చండి. రెండు వారాల పని. అప్పటిదాకా ఆ మూల మిషన్లు ఈ పక్కకు జరుపుకోండి. రేపటి నుంచి కుట్టుకోవచ్చు. సంతకం చేస్తున్నాను."

ఆ తర్వాత ఎవరు ఏమన్నారో ఎవరికీ సరిగ్గా వినబడలేదు. అరుపులు, నవ్వులు, ఏడుపులు. ఓనరు ఫోను చెవికి పెట్టుకుని, "లారీ వద్దు, వద్దంటున్నా" అని అరుస్తున్నాడు. ఇంజనీరు నిచ్చెన దిగుతూ బావమరిదిని అడిగింది, షట్టరు అంత పైకి ఎవరు లాగారని. అతను భయం భయంగా నేనే అన్నాడు. "మంట రోడ్డు వైపు వెళ్లిపోయింది, దూలానికి తక్కువ తగిలింది. మూసి ఉంటే నేను వేరే రాసేదాన్ని" అంది. క్లిప్పు సరిగ్గా చూసుకోలేదని మూడు రోజులుగా తనను తాను తిట్టుకుంటున్న మనిషి. ఒక్క కనుబొమ్మ ముఖంతో అక్క భుజం మీద పడి బావురుమన్నాడు. "సరేలేరా, క్లిప్పు మాత్రం కొత్తది వేయించు" అంది అక్క, వీపు నిమురుతూ.

రంగుల బాబాయ్ మాత్రం నిచ్చెన మీదే ఉండిపోయాడు.  కన్నీళ్లు వస్తున్నాయి గానీ ఎందుకో నవ్వు కూడా వస్తోంది. చివరకు భార్య కిందనుంచి, "అక్కడే కాపురం పెడతారా?" అని అరిస్తే దిగాడు.

వెళ్లేముందు ఇంజనీరు ఆయన దగ్గరికి వచ్చింది. అరచేతి మేర రంగు వదలడం ఎవరు నేర్పారని అడిగింది. ఆయన మేస్త్రి గురించి చెప్పాడు. ఆమె ఆ మాట కూడా పుస్తకంలో రాసుకుంది. చేసిన తప్పు గురించి ఆయన మొదలుపెట్టబోతే, "ఇంకోసారి మంట ఆరాక ముందు నన్ను పిలవండి, తర్వాత బ్రష్షును" అని నవ్వి వెళ్లిపోయింది.

రెండు వారాలకు బోల్టులు మారాయి, రేకు మారింది. ఆ ఆదివారం రంగుల బాబాయ్ దూలానికి చివరి పూత వెయ్యడానికి వెళ్లాడు. భార్య కూడా వచ్చింది. ఆయన బ్రష్షు ముంచేలోపే, "ఆగండి" అని కొంగు బిగించి నిచ్చెన ఎక్కింది. ఇన్నేళ్లలో ఆమె ఆయన నిచ్చెన ఎక్కడం అదే మొదటిసారి. సంచిలోంచి కటింగ్ బల్ల మీద గీతలు గీసే తెల్ల సుద్ద తీసింది. ఎడమ అరచేతిని ఆ నల్లటి బొబ్బల మచ్చ మీద ఆనించి, వేళ్లు విప్పి, వాటి చుట్టూ జాగ్రత్తగా సుద్దతో గీత గీసింది. గీత ఎక్కడా వంకర పోలేదు.

"దీని లోపల ఒక్క చుక్క పడితే ఊరుకోను" అంది.

"పక్కనే ఉన్నా, ఇలా చెయ్యి ఆకారంలో వదిలితే అందరి కంటా పడుతుందే?"

"కనిపించనివ్వండి" అని దిగి, పైన మిషన్ల మీద కప్పిన గుడ్డలు తీయడానికి వెళ్లింది. ఆయన సన్న బ్రష్షు తీసుకుని ఆమె వేళ్ల గీత వెంబడి రంగు వెయ్యడం మొదలుపెట్టాడు.